వేటకును నీతి గలదు

జింకను చంపబోవువానికి నీతి యేమిటని శ్రోతలు మమ్ము ప్రశ్నింపవచ్చును. అమెరికాలో జింకలవేట చట్టసమ్మతమే. అయినను దానికొక మర్యాద కలదు. తరువాత దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టు మిత్రులతో కలసి 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు, జంతువునకు తప్పించుకొను అవకాశము లేని వేట న్యాయమైనది కాదనును.

బాటలేని అడవిలో దూసుకొనిపోగల మోటారుబండ్లు ఈ మర్యాదకు పరీక్షయైనవి. చంపిన జింకను బాటవెంట బండిలో చేర్చుకొనుట వేరు. బండితో జింకను తరుముట వేరు. తెల్లవారకముందే కాలినడకన పోయి, చెట్టుక్రింద నిశ్శబ్దముగా కాచుకొన్నవాని శ్రమ ఒక్క ఇంజను మ్రోతతో వ్యర్థమగును. తడినేలపై పడిన చక్రపుగాడి వానకు కాలువయై మట్టిని కోసివేయును.

ప్రభుత్వభూములలో ఇట్టి బండ్లు నిర్ణీత ప్రదేశములందు, మార్గములందు మాత్రమే నడువవలెనని 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తరువిచ్చెను. అదే సంవత్సరము మన వన్యప్రాణి సంరక్షణ చట్టము వాహనముపైనుండి వేటాడుటను నిషేధించినది. నేడు మనదేశమున వినోదపువేటయే నిషిద్ధము.

అయినను అడవిలో ప్రతి చెట్టువద్దను కావలివాడుండడు. ఎవరును చూడనిచోట గూడ బండి నాపి, దిగి నడచినవాడే వేటగాడనిపించుకొనుటకు తగునని మేము తలచుచున్నాము.