మొక్కు తీరుతది, బాబా బాకీ తీరదు
(మేడారంలో చేసిన ప్రసంగ పాఠం)



బాబాల మాట రాంగనే మీటింగుల్ల అందరు చెప్పేది ఒకటే: జనం అమాయకులు, చదువులేనోళ్లు, అందుకే మోసపోతున్నరు. ఈ మాటను మేం ఒప్పుకోం. వరదయ్యపాలెం కల్కి భగవాన్ కాడికి విదేశాల నుంచి విమానమెక్కి వచ్చిండ్రు. 2019 అక్టోబరులో ఐటీ శాఖ సోదాలు చేస్తే లెక్కల్లో చూపని ఆదాయం 500 కోట్లు దాటింది. అదంతా చదువురానోళ్లు ఇచ్చిందేనా?

పేదోళ్లు పోయే దారి వేరు. 2024 జులై 2న ఉత్తరప్రదేశ్ హాథ్రస్ జిల్లాలో భోలే బాబా సత్సంగం కాడ తొక్కిసలాట జరిగి 121 మంది చచ్చిపోయిండ్రు. దాదాపు అందరు ఆడోళ్లే. అందుల దళిత వాడల తల్లులు ఎందరో. ఆ బాబా ఒకప్పటి పోలీసు, పుట్టుకతో దళితుడు. ఎఫ్ఐఆర్‌లో ఆయన పేరు మాత్రం లేదు!

ఆ తల్లులు ఎందుకు పోయిండ్రు? ఊళ్లె గుడి మెట్టు దూరం. సత్సంగంల కులమడగకుండ పక్కన కూసోనిస్తరు. బిడ్డకు జబ్బు చేస్తే, మొగడు తాగొచ్చి కొడితే ఊళ్లె వినేటోడు లేడు, ఆడ ఉన్నడనుకున్నరు.

అమెరికాల జిమ్ జోన్స్ అనే తెల్ల పాస్టరు 1950లల్లనే నల్లోళ్లను, తెల్లోళ్లను ఒక్క చర్చిల కూసోబెట్టిండు. ఆకలైనోళ్లకు అన్నం పెట్టిండు. అది అబద్ధం కాదు, అందుకే నమ్మిండ్రు. తర్వాత పింఛన్లు, ఆస్తులు తన చేతికి తీసుకున్నడు. గయానా అడవికి తోలుకపోయి పాస్‌పోర్టులు గుంజుకున్నడు. 1978 నవంబర్ 18న సైనైడ్ కలిపిన రసం తాగించిండు. 900 మందికి పైగా చచ్చిండ్రు. మూడో వంతు పిల్లలే. చచ్చినోళ్లల్ల ఎక్కువమంది నల్లోళ్లు. మనిషిగా చూస్తానన్నోని ఎనక పోయినోళ్లు వాళ్లు. వాళ్లను మూఢులనేటోళ్లు అంతకుముందు వాళ్లను ఏ బల్ల కాడ కూసోబెట్టిండ్రో చెప్పాలె.

ఇప్పుడు మన మేడారం సంగతి సూడండి. సమ్మక్క సారలమ్మలకు విగ్రహం లేదు, బ్రాహ్మణ పూజారి లేడు. కోయ వడ్డెలు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణ తెస్తరు. నిలువెత్తు బెల్లం తూకమేసి బంగారమని ఇస్తం, మొక్కు తీరుతది. నాలుగో నాడు తల్లులే అడవికి పోతరు, మనం ఇంటికి పోతం. మళ్లీ రెండేండ్లకు గానీ జాతర లేదు. (జాతరల సారా ఏరులై పారుడు, కాంట్రాక్టర్ల దోపిడి మనకు తెల్వనివి కావు. వాటి మీద ఇంకో దినం మాట్లాడుకుందాం.)

బాబా మాత్రం ఇంటికి పోనియ్యడు. ఒక మొక్కు తీరంగనే ఇంకోటి పుట్టిస్తడు. జబ్బు తగ్గకపోతే "నీ నమ్మకం చాల్లేదు" అంటడు. తప్పు ఎప్పుడూ భక్తునిదే. అన్నదమ్ములు అడ్డమొస్తే వాళ్లు దుష్టశక్తులంటడు. లెక్క అడిగితే పాపమంటడు. అన్నిటికన్న భయమైంది మందులు బందు పెట్టమనుడు. టీబీ మందులు ఆరు నెలలు విడవకుండ మింగాలె. నడిమిట్ల ఆపితే జబ్బు మొండికేస్తది, ఆ దగ్గు ఇంట్ల పిల్లలకూ అంటుతది.

అందుకని మేం చెప్పేది ఇది. "దేవుడు లేడు" అని ఆ తల్లి ముంగట వాదం పెట్టుకోకండి. ఆమె బిడ్డను దవాఖానకు తోలుకపోండి, లైన్ల ఆమెతో నిలబడండి. బాబా మనిషి ఆ గడప తొక్కకముందే సంఘం మనిషి పోయి కూసోవాలె. ఈ వారం మీ వాడల మంచం పట్టినోళ్లు ఎవరెవరున్నరో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటం.