మేస్త్రీని పిలిచే ముందు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, నీళ్లొచ్చిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆ డబ్బు వేరు, ఇంటి బీమా వేరు. హోమ్ లోన్ ఉన్నవాళ్లు బ్యాంకులో ఒకసారి అడగండి. పాలసీ ఉన్న సంగతే కొందరికి తెలియదు.

బురద ఎత్తకముందే గోడమీద నీటి చార, తడిసిన ఫ్రిజ్, బీరువా అన్నిటికీ ఫొటోలు తీయండి. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. సర్వేయర్ రావడం ఆలస్యమైతే ఇల్లు కడుక్కోండి, తప్పదు కదా. పాడైన సామాను మాత్రం ఆయన చూసేదాకా ఓ మూల ఉంచండి. కంపెనీ పంపిన సర్వేయర్ ఫీజు కంపెనీదే, మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు.

"క్లెయిమ్ నేనిప్పిస్తా, అడ్వాన్సు ఇవ్వండి" అంటూ వచ్చే కాంట్రాక్టరును నమ్మొద్దు. ఏ పని, ఎంత కొలత, ఏ రేటు అన్నది విడివిడిగా రాసి, బిల్లు ఇచ్చేవాళ్లకే పని అప్పజెప్పండి. తెల్లకాగితం మీద ఒక్క అంకె వేసిస్తే క్లెయిమ్‌లో నిలవడం కష్టం. కరెంటు పనికైతే లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే కావాలి. తడిగోడలో వైరింగ్ ఆయన పరీక్షించేదాకా మెయిన్ ఆన్ చేయకండి. ఫ్యాను తిరుగుతుందో లేదో చూద్దామన్న తొందరే ప్రాణం మీదికి తెస్తుంది.

క్లెయిమ్ తేల్చకపోతే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు ఫోన్ చేయండి.