నల్లపెట్టె చెప్పిన మాట

(మారిషస్ ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మేము ఈ దీవిలో మూడవ తరము వారము. పగలు బడిలో సైన్సు పాఠాలు చెప్పి, సాయంకాలము తెలుగు తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవారము. మా మాటలో తప్పులుంటే పెద్దలు మన్నించవలెను. పండుగ సభలో విమానములను గురించి మాట్లాడతామనగానే కార్యదర్శి గారు ఆశ్చర్యపడినారు. పద్యాల గురించో, పచ్చడి గురించో చెప్పరాదా అన్నారు. అయితే మన తాతలు ఓడలలో వచ్చినారు, మన పిల్లలు విమానాలలో పోవుచున్నారు. ప్లేజాన్స్ విమానాశ్రయములో కన్నీళ్ళు తుడుచుకుంటూ ఎవరినో ఒకరిని సాగనంపని ఇల్లు మనలో లేదు. వారు ఎక్కిన విమానము ముందు గదిలో ఏమి జరుగునో తెలుసుకొనుట మనకు అవసరమే.

ఆ గదిని కాక్‌పిట్ అంటారు. మబ్బులో పోవునప్పుడు ఏది పైనో, ఏది క్రిందో పైలట్‌కు కంటితో తెలియదు. చెవి లోపల మన తూకమును కాపాడే భాగము ఒకటి ఉన్నది. విమానము మెల్లగా ఒక ప్రక్కకు వంగితే అది కూడా మోసపోవును. వంగి ఉన్నా తిన్నగా ఉన్నట్లే తోచును. కనుక పైలట్‌కు మొదట నేర్పే పాఠాలలో ఒకటి ఇది: నీ ఒంటిని నమ్మవద్దు, ఎదుటనున్న ముల్లును నమ్ము. వేగము, ఎత్తు, వంపు, మలుపు, దిక్కు, ఎక్కుట దిగుట — ఈ ఆరింటిని చూపే మీటర్లు అన్నింటికీ మూలము. ఈనాడు అవి టెలివిజను వంటి తెరల మీదికి వచ్చినవి గాని, చెప్పే సంగతులు అవే.

ఎత్తు చూపే మీటరు నిజానికి గాలి ఒత్తిడిని కొలుచును. పైకి పోయినకొద్దీ గాలి పలచబడును గదా. తుఫాను వచ్చే ముందు బారోమీటరు ముల్లు పడిపోవుట చూచిన మనకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. దిగబోయే చోట ఆ పూట ఒత్తిడి ఎంత ఉన్నదో క్రిందివారిని అడిగి పైలట్ ఆ మీటరును సరిచేసుకొనవలెను. వేగము తెలుసుకొనుటకు విమానము ముందు వైపున గాలికి ఎదురుగా చిన్న గొట్టములుండును. వాటిని పిటో గొట్టములంటారు. అంత పెద్ద విమానము వేలెడు గొట్టములను నమ్ముకొని ఎగురుచున్నది.

ఇక హెచ్చరికలు. మంట పుడితే గంట మోగును. రెక్కలకు గాలి పట్టు తప్పబోతే వేరొక హెచ్చరిక వచ్చును. ఎదుట కొండగాని నేలగాని దగ్గరపడితే యంత్రమే మనిషి గొంతుతో 'పైకి లేపు' అని ఇంగ్లీషులో అరచును. కెనడాలో పుట్టిన డోనాల్డ్ బేట్‌మన్ అనే ఇంజనీరు ఈ ఏర్పాటును రూపొందించినారు. అమెరికాలో 1974లో ఒక విమానము కొండను ఢీకొన్న తరువాత అక్కడ దీనిని తప్పనిసరి చేసినారు. బాగున్న విమానమును తెలియక నేలకు కొట్టే ప్రమాదములు అప్పటినుండి ఎంతో తగ్గినవి.

కాని హెచ్చరిక ఉన్నంత మాత్రాన చాలదు. 2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్‌కు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానములో పిటో గొట్టములు మంచుతో మూసుకొనిపోయినవి. వేగము చూపే అంకెలు తప్పినవి. తనంతట తాను నడిపే యంత్రము ప్రక్కకు తప్పుకొన్నది. నడుపుచున్న పైలట్ ముక్కును పైకి ఎత్తినాడు. రెక్కల పట్టు తప్పుచున్నదని హెచ్చరిక 70 సార్లకు పైగా వినబడినది. ఆ కంగారులో ఎవరూ దాని అర్థము గ్రహించలేదు. 228 మంది పోయినారు. ఈ సంగతులన్నీ లోకానికి ఎట్లు తెలిసినవి? దాదాపు రెండు సంవత్సరాలు వెదకి, 2011 మే నెలలో అట్లాంటిక్ సముద్రము అడుగునుండి తీసిన రెండు పెట్టెల వలన తెలిసినవి.

వాటిని నల్లపెట్టెలంటారు గాని, వాటి రంగు నారింజ రంగు. శిథిలములలో కంటికి కనబడవలెనని ఆ రంగు వేస్తారు. ఒక పెట్టె మీటర్ల లెక్కలను 25 గంటలు దాచును. రెండవది కాక్‌పిట్‌లోని మాటలను దాచును. పాత టేపుల కాలములో ఇది చివరి 30 నిమిషములనే ఉంచేది. కొత్త మాట వచ్చినకొద్దీ పాత మాట చెరిగిపోయేది. తరువాత రెండు గంటలకు పెంచినారు. ఇప్పుడు కొత్త విమానములకు 25 గంటలని నియమములు వచ్చుచున్నవి.

ఈ ఆలోచన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్ గారిది. ఆయన తొమ్మిదేండ్ల బాలుడుగా ఉన్నప్పుడు, 1934లో, తండ్రి విమాన ప్రమాదములో పోయినారు. తండ్రి ఇచ్చిన చివరి బహుమతి ఒక చిన్న రేడియో సెట్టు. దానితో ఆ పిల్లవానికి శబ్ద యంత్రాల మీద ఆసక్తి పుట్టినది. కామెట్ జెట్ విమానములు వరుసగా కూలిన 1953, 1954 ప్రాంతములో, కాక్‌పిట్ మాటలు దాచే యంత్రము ఉంటే కారణము తెలియును గదా అని ఆయన తలచినారు. మొదట స్వదేశములోనే ఎవరూ పెద్దగా పట్టించుకొనలేదు. మా మాటలు దొంగచాటుగా వింటారా అని పైలట్లు కోపగించినారు. తప్పు ఎవరిదో పట్టుకొనుటకు కాదు, అదే ప్రమాదము మరల జరగకుండుటకు అని నమ్మించుటకు ఏండ్లు పట్టినది.

ఇప్పుడు మన దీవి సంగతికి వద్దాము. మాలో వయసు మళ్ళినవారికి 1987 నవంబరు 28, శనివారము, జ్ఞాపకముండే ఉంటుంది. తైపీ నుండి మన ప్లేజాన్స్ మీదుగా జొహానెస్‌బర్గ్ పోవలసిన దక్షిణాఫ్రికా విమానము, 'హెల్డర్‌బర్గ్' అనే పేరుగలది, తెల్లవారుజామున ఇక్కడ దిగవలెను. విమానములో పొగ వచ్చుచున్నదని పైలట్ మన ప్లేజాన్స్ కంట్రోల్ వారికి చెప్పినాడు. వారు దిగుటకు దారి ఇచ్చినారు. కొన్ని నిమిషముల తరువాత ఎంత పిలిచినా జవాబు లేదు. మన దీవికి సుమారు 250 కిలోమీటర్ల దూరములో అది సముద్రములో పడినది. 159 మందిలో ఒక్కరూ మిగలలేదు.

ఆ కాలములో నీటిలో పడిన పెట్టె 30 రోజులు 'టిక్కు టిక్కు'మని పిలిచేది. ఆ పిలుపు ఆగిపోయినది. వెదకుట మాత్రము ఆపలేదు. 1989 జనవరిలో, నాలుగు కిలోమీటర్లకు పైబడిన లోతునుండి, మాటల పెట్టెను యంత్రపు చేతులతో పైకి తీసినారు. ఏడాదికి పైగా ఉప్పునీటిలో నానిన టేపు మాట్లాడినది! అందులో చాలాసేపు మామూలు కబుర్లే. చివర మంట గంట మోగినది. కొద్దిసేపటికే టేపు ఆగిపోయినది. రెండవ పెట్టె దొరకనే లేదు. ప్రయాణికులు కూర్చునే అంతస్తులోనే వెనుక భాగములో పెట్టిన సరుకులలో మంట పుట్టినదని విచారణలో తేలినది. అది ఎట్లు అంటుకొన్నదో తేలలేదు. అయినా అట్లు సరుకులు పెట్టే విమానములకు మంటల నియమములు కఠినమైనవి. ఆ తరువాత ఎక్కినవారికి ఆ 159 మంది మేలు చేసినట్లే.

2014 మార్చి 8న మాయమైన మలేషియా విమానములో 239 మంది ఉన్నారు. దాని ముక్కలు కొన్ని రీయూనియన్‌లోను, మన రోడ్రిగ్జ్ తీరములోను ఒడ్డుకు కొట్టుకొచ్చినవి. పెట్టెలు దొరకలేదు. ఆ కుటుంబములకు చెప్పే మాట ఇంతవరకు ఎవరి వద్దా లేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకొనవలెను. మా నాయనమ్మ చిన్నపిల్లగా తల్లి చేయి పట్టుకొని ఓడ దిగినది. చెరకు తోటలలో పనిచేసినది. 1979లో మా అన్నగారు ఒక టేపు రికార్డరు కొన్నారు. ఒక రాత్రి ఆమె చేత జోలపాటలు పాడించి, ఊరి పేరు, తాతల పేర్లు చెప్పించి క్యాసెట్టు నింపినాము. రెండు సంవత్సరాలకు ఆమె పోయినది. తరువాత ఎప్పుడో మేమే, మరొకరు కాదు, అదే క్యాసెట్టు మీద రేడియో సినిమా పాటలు ఎక్కించుకున్నాము. ఇప్పుడు చివర కొంచెము దగ్గు, తరువాత 'రా నాయనా, ఇట్లా కూర్చో' అన్న మాట మిగిలినవి. ఊరి పేరు లేదు. అప్పుడు మాకు తెలుగు సరిగా రాదు, విన్నది మనస్సులోను నిలువలేదు. మేము సాయంకాలపు తరగతికి పోయినది అందుకే. అక్షరములు వచ్చినవి గాని ఆ ఊరి పేరు రాలేదు.

విమానపు పెట్టె పాత మాటను చెరుపుట దాని పని. మేము చేసినది అజాగ్రత్త. కనుక మా మనవి ఒక్కటే. ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉన్నవారు ఈ సభ ముగిసిన తరువాత మా తరగతి పిల్లల వద్ద పేరు వ్రాయించండి. శనివారములలో పిల్లలు రికార్డరు తీసుకొని మీ ఇంటికి వస్తారు. పాట రాకపోతే పోనీ, తెలుగులో తప్పులున్నా ఫరవాలేదు, మధ్య మధ్య క్రియోల్ దొర్లినా సరే. ఊరి పేరు ఒక్కసారి స్పష్టముగా చెప్పించండి. ఆ టేపు మీద మరొకటి ఎక్కించకుండా చూచే పూచీ మాది.