వేలిముద్ర కూడా సంతకమే

(మాచర్లలో మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సార్, మీ ట్రంకుపెట్టె గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. ఇరవై నిమిషాల్లో ఆ పెట్టె మూత మాత్రమే తీయగలం. అందులో ఉన్నవి నటుల, గాయకుల, బుర్రకథ దళాల వాళ్ళ సంతకాలు, ఉత్తరాలు. నలభై ఏళ్ళ పైచిలుకు పోగేశాను. ఉన్నవాటి గురించి కొంచెం చెప్పి, లేనివాటి గురించి ఎక్కువ చెబుతాను.

నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో పట్టుకున్న పిచ్చి ఇది. ఊళ్ళో నాటక పోటీలు జరిగేవి. చుట్టుపక్కల తిరునాళ్ళల్లో రాత్రంతా పద్యనాటకాలు. నాటకం అయ్యాక నటుడు ముఖానికి కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకుంటుంటే, చేతిలో నోటుపుస్తకంతో వెనక నిలబడేవాణ్ణి. ఆ నూనె మరకలు ఇప్పటికీ ఉన్నాయి కొన్ని పేజీల మీద. సంతకం కన్నా ఆ మరకే నాకు ఎక్కువ ఇష్టం అంటే నవ్వకండి.

తర్వాత ఉత్తరాలు మొదలుపెట్టాను. 15 పైసల కార్డు. జవాబు కార్డు జతచేసి పంపితే పదిమందిలో నలుగురైదుగురు రాసేవాళ్ళు. కళాకారుల ఉత్తరాల్లో కళ గురించి గొప్ప మాటలు ఉంటాయని అనుకుంటాం. అక్కడ ఉండేది వేరు. ఫలానా తారీఖున గురజాలలో నాటకం ఉంది, పిడుగురాళ్ళ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి? హార్మోనిస్టు మీరే చూస్తారా, మమ్మల్నే తెచ్చుకోమంటారా? పోయినసారి కమిటీవాళ్ళు సగం డబ్బే ఇచ్చారు, మిగతాది సంక్రాంతికి అన్నారు, రెండు సంక్రాంతులు అయిపోయాయి. ఇలా ఉంటాయి. చరిత్ర పుస్తకాల్లో దొరకనిది ఇదే. ఒక రాత్రి నాటకానికి ఎంత ఇచ్చేవారు, ఎంత ఎగ్గొట్టేవారు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది ఈ కార్డుల్లోనే ఉంది.

ఉత్తరాలు దాస్తే ఏమవుతుంది అనేవాళ్ళకు పాత గుంటూరు జిల్లాలోనే ఉదాహరణ ఉంది. దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) గారు ఉండేవారు. చిత్రకారుడు, రచయిత. హిమాలయాల్లో నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర కొంతకాలం గడిపారు. ఆ తర్వాత పల్లెటూళ్ళో కూర్చుని దేశదేశాల కళాకారులకు, రచయితలకు ఉత్తరాలు రాస్తూ బతికారు. ఆ ఉత్తరాలను అందుకున్నవాళ్ళు దాచుకున్నారు కాబట్టి పుస్తకాలుగా వచ్చాయి. ఊరు చిన్నదైనంత మాత్రాన ఉత్తరం చిన్నదైపోదు.

దాచకపోతే ఏమవుతుందో కూడా మన పక్కనే ఉంది. హరిశ్చంద్ర నాటకం చూడనివాళ్ళు ఈ సభలో తక్కువే ఉంటారు. రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కాటి సీనులో నటులు గొంతెత్తి పాడే పద్యాలు కొన్ని ఆయనవి కావు, మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారివి. ఆయన శ్మశానం మీద రాసిన ఖండికలోవి. నటులు తెచ్చి నాటకంలో కలిపారు, జనం వన్స్‌మోర్‌లు కొట్టారు. ఎవరు రాశారో అడిగితే చాలామంది బలిజేపల్లి పేరే చెప్పేవారు. అచ్చులో పేరున్న మహాకవికే స్టేజీ మీద పేరు తప్పిపోయింది. ఇక అచ్చు ముఖం చూడని మన పాటల సంగతి చెప్పేదేముంది! తీజ్‌లో మన ఆడపిల్లలు పాడే పాటలు, పెళ్ళికూతురు పుట్టింటిని తలుచుకుని ఏడుస్తూ పాడే ఢావ్లో ఎవరు కట్టారు? "పాతకాలం నుంచి ఉన్నాయి" అంటాం. పాతకాలంలో కూడా ఎవరో ఒక మనిషే కదా కట్టింది!

ఇప్పుడు లేనివాటి దగ్గరకు వస్తాను.

ఒకరోజు పెట్టె మొత్తం దులిపి జాబితా రాశాను. అన్ని కులాలవాళ్ళూ, మతాలవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళు? ఒక్కరూ లేరు. నేను సుగాలీ బిడ్డనే, మా తాండాలో నంగారా మోగితే ఒళ్ళు ఆగదు, అయినా లేరు. కారణం తేలికే. సంతకం అంటే కాగితం మీద పేరు రాయడం అనుకున్నాం. మన పెద్దలకు రాయడం రాదు, మన గోర్ బోలికి సొంత లిపి లేదు. అంతటితో వాళ్ళు జాబితా నుంచి తప్పుకున్నట్టే అయింది.

ఇందులో ఒక వింత ఉంది. తెలుగు స్టేజీ నిండా మనమే ఉన్నాం. యక్షగానంలో ఎరుకలసాని సోది చెప్పకపోతే కథ నడవదు. చెంచులక్ష్మి కథ ఎన్ని బృందాలు ఆడాయో లెక్కలేదు. సినిమాగా 1943లో ఒకసారి వచ్చింది, 1958లో అంజలీదేవి, నాగేశ్వరరావు గార్లతో మరోసారి వచ్చింది. చెంచుల వేషం వేసినవాళ్ళ ఆటోగ్రాఫుల కోసం జనం ఎగబడ్డారు. వేసినవాళ్ళు గొప్ప నటులే, తప్పు పట్టను. కానీ అదే అడవిలో ఉన్న అసలు చెంచు పాటగాడి గుర్తు ఎవరి పుస్తకంలో ఉంది? హైమన్‌డార్ఫ్ దొర నల్లమల చెంచుల మీద 1943లోనే పుస్తకం అచ్చువేశాడు, ఆయన ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన ముత్తాతల ముఖాలు చూడాలంటే లండన్ కేసి చూడాల్సి వస్తోంది.

మనవాళ్ళ గుర్తులు అసలు ఎవరూ సేకరించలేదా అంటే, సేకరించారు. పోలీసులు సేకరించారు. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఎరుకలవారినీ, కొన్నిచోట్ల సుగాలీలనూ ఆ జాబితాలో ఎక్కించారు. జాబితాలో పేరున్న ప్రతి మనిషి వేలిముద్రలు తీసుకునే అధికారం ఆ 1911 చట్టంలోనే ఉంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913లో పెట్టింది ఆ రోజుల్లోనే. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కానీ ఇంకుప్యాడు అంటే ఉన్న భయం రద్దు కాలేదు. పోలీసు పోయాక షావుకారు వచ్చాడు. నోటు మీద వేలిముద్ర, పొలం కాగితం మీద వేలిముద్ర. మనవాళ్ళు బొటనవేలు ఇంకులో పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది.

కొన్నేళ్ళ కిందట దుర్గి వైపు ఒక తాండాకు వెళ్ళాను. ఎనభై దాటిన పెద్దావిడ. ఆమె పాట ఎత్తుకుంటే వీధి వీధంతా వచ్చి కూర్చుంటుంది. పాటయ్యాక నా రిజిస్టరు తెరిచి, "యాడీ, ఇక్కడ నీ వేలిముద్ర వెయ్యి" అన్నాను. చేయి వెనక్కి లాక్కుంది. "ఏం అప్పుకు బిడ్డా?" అంది.

అప్పు కాదు యాడీ, నువ్వు పాడావని గుర్తు, అన్నాను. నమ్మలేదు. ఆ పేజీలో ఏం రాసి ఉందో రెండుసార్లు చదివించుకుంది. మనవణ్ణి పిలిచి వాడితో ఇంకోసారి చదివించింది. అప్పుడు వేసింది. వేసి, పక్కన ఇంకొకటి వేసింది. "ఇది మా అక్కది. ఈ పాట నాకు నేర్పింది అదే. చచ్చిపోయింది" అంది. ఆ పేజీ మీద రెండు ముద్రలు ఉన్నాయి, రెండూ ఒకే వేలివి. లెక్కప్రకారం రెండోది చెల్లదు. నా దృష్టిలో పెట్టె మొత్తంలో అంత విలువైన పేజీ లేదు.

అప్పటి నుంచి సంతకానికి నేను చెప్పుకునే అర్థం మారింది. వేలిముద్ర సంతకమే. ఫోనులో "నేను ఫలానా, ఫలానా తాండా, ఈ పాట ఫలానా వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను" అని సొంత గొంతుతో చెబితే అదీ సంతకమే. పాట రికార్డు చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఈ నాలుగు మాటలు అడిగేవాళ్ళే లేరు. కాంచళీ మీద అద్దాలూ, గవ్వలూ కుట్టిన మన ఆడవాళ్ళ చేతికుట్టు కూడా సంతకమే. ఏ కుట్టు ఎవరి చేతిదో తాండాలో ఆడవాళ్ళను అడగండి, చూడగానే చెప్పేస్తారు.

చదువు లేదని పేరు పోనక్కర్లేదు. ఈ పల్నాడులోనే దానికి దారి ఉంది. పల్నాటి వీరుల కథను అలిసెట్టి గాలెయ్య అనే పాటగాడు పాడగా, జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు రికార్డు చేసి, అనువాదం చేశాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పుస్తకం వేశారు. అందులో పాడిన మనిషి పేరు ఉంది. అలాగే పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా ఊరూరా మోగించిన షేక్ నాజర్ గారు తన జీవితం నోటితో చెబితే, ఇంకొకరు రాసిపెట్టారు. అదే 'పింజారి'. చెప్పే నోరు ఒకటి, రాసే చేయి ఇంకొకటి అయినా పేరు మాత్రం చెప్పినవాడిదే అయింది.

తెలంగాణలో చూడండి. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే వెళ్ళిపోయారు. అదే సంవత్సరం కేతావత్ సోంలాల్ గారికి వచ్చింది. ఆయన భగవద్గీతను మన లంబాడీ భాషలోకి తెచ్చి తెలుగు లిపిలో రాశారు. లిపి లేదని కూర్చోనక్కర్లేదని చూపించారు. పద్మశ్రీ వచ్చినవాళ్ళ పేర్లు ఎలాగూ ఉంటాయి. మన నంగారా వాళ్ళ సంగతి చెప్పండి. నాకు తెలిసిన ఒక నంగారా ఆయనకు ముప్పై ఏళ్ళ కాగితాలు ఉండేవి. ప్రోగ్రాములకు పిలిచిన ఉత్తరాలు, మనియార్డరు రశీదులు, కరపత్రాలు అన్నీ ఒక బియ్యం గోతంలో పెట్టుకునేవాడు. ఆయన పోయిన పదకొండో రోజుకు నేను వెళ్ళేసరికి గోతం లేదు. పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన తూచి ఇచ్చేశారు. పిల్లల్ని ఏమీ అనలేను. అవి ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

అందుకని ఇవాళ్టి నుంచి చేయగలిగిన పనులు చెబుతాను. కార్డు దొరికితే కవరు పారెయ్యకండి, స్టాంపు ఊడదీయకండి. తారీఖు వేయని ఉత్తరానికి పోస్టాఫీసు ముద్రే తారీఖు. లామినేషన్ చేయించకండి, అది కాగితాన్ని లోపల వేసి ఉడకబెట్టడమే, మళ్ళీ ఊడిరాదు. సెల్లోటేపు అంటించకండి, పదేళ్ళకు పచ్చబడి అక్షరాలను తినేస్తుంది. మన ఎండలకు రేకుల కప్పు కింద పెట్టకండి, నేల మీదా పెట్టకండి, చెద ఉంటుంది. పెట్టెలో పెట్టి పీట మీద ఉంచండి, వానాకాలం అయ్యాక ఒకసారి నీడన ఆరబెట్టండి. ఫొటో వెనక పేర్లు పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను అవతలి పక్కకు ఒత్తుకుంటుంది. ఫోనుతో ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పెట్టి తీయండి.

ఇంకో మాట, ఈ-సంచికలో వేసేవాళ్ళ కోసం. ఉత్తరం అందుకున్నవాడికి కాగితం సొంతం, అందులోని మాటలు రాసినవాడివే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవాడు పోయాక ఆ హక్కు వారసులది. కాబట్టి అచ్చువేసే ముందు ఇంటివాళ్ళను అడగండి. చట్టం కోసం అనే కాదు, అడగడానికి వెళితే ఇంకో రెండు ఉత్తరాలు బయటపడతాయి.

వేలిముద్ర తీసుకునేటప్పుడు కాగితంలో ఏముందో వాళ్ళ భాషలో చదివి వినిపించండి. ఖాళీ కాగితం మీద ఎప్పుడూ తీసుకోవద్దు. ముద్ర కింద పేరు, ఊరు, ఏం పాడతారు లేక ఏం వాయిస్తారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని రాయండి. దాని నకలు ఒకటి వాళ్ళ ఇంట్లోనే ఇవ్వండి. మనకు ఒకటి, వాళ్ళకు ఒకటి.

ఎడమ పక్క బల్ల మీద కొత్త రిజిస్టరు పెట్టాం. ఇద్దరు కుర్రాళ్ళు ఇంకుప్యాడుతో, ఫోనుతో కూర్చుంటారు. ఒకరికి గోర్ బోలి వచ్చు, ఇంకొకరు చెంచు కుర్రాడు. వేలు తుడుచుకోవడానికి గుడ్డ, సబ్బు కూడా పెట్టాం. భోజనాలు అయ్యాక వరసగా రండి. సంతకం చేయడం వచ్చినవాళ్ళు కాసేపు ఆగండి, ముందు పెద్దవాళ్ళను రానివ్వండి. బొల్లాపల్లి వైపు వెళ్ళేవాళ్ళు మొదట రండి, మీ బస్సు మూడున్నరకే.