మూట మోసిన కాళ్లు మంచుకొండ ఎక్కలేవా?

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

హుజూర్‌నగర్, పాలకవీడు, మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం తండాల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ముందు వరుసలో కూర్చున్న నాయక్‌లకు, కార్బారీలకు రాంరాం.

మమ్మల్ని కొండల గురించి మాట్లాడమన్నారు. మన చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, కింద కృష్ణమ్మ. మంచు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీయాల్సిందే! అయినా మూట మోసుకుని నడవడం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. రైళ్లు, రోడ్లు రాకముందు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద వేసుకుని దక్కన్ అంతా తిరిగింది మనవాళ్లే. ఇప్పుడు పట్నం పిల్లలు వేలు పోసి బ్యాగు కొని, వీపున వేసుకుని నడిస్తే ట్రెక్కింగ్ అంటున్నారు.

మలావత్ పూర్ణ పేరు మీకందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. పక్కన ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్. తెలంగాణ రాష్ట్రం రావడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు జరిగిన ముచ్చట ఇది.

ఫొటోలో జెండా ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనుక నెలల కష్టం ఉంది. మొదలు భువనగిరి గుట్ట. మనం బస్సు కిటికీలోంచి చూసే ఆ ఒంటిరాయి గుట్టే. శేఖర్‌బాబు శిక్షణలో తాడు పట్టడం, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవడం అక్కడే నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. చాలామందిలోంచి వడపోస్తే చివరికి మిగిలింది ఇద్దరు. 16 ఏళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు కనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. పర్వతారోహకుల కోసం సామాన్లు మోసే, దారి కట్టే మనుషులు వాళ్లు. మన పూర్వీకుల పనే అనుకోండి. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

అంత చిన్న పిల్లను పంపొచ్చా అని అప్పుడు చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మాకైతే 'అతి పిన్న వయసు' రికార్డు మీద పెద్ద మోజు లేదు. పూర్ణ అక్కడితో ఆగకపోవడమే మాకు గొప్పగా తోస్తుంది. కిలిమంజారో, ఎల్‌బ్రస్, అకాంకాగువా... అలా 2022లో అలాస్కాలోని డెనాలితో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. 2019లో రంగారెడ్డి జిల్లా తండా బిడ్డ అంగోత్ తుకారాం కూడా నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కాడు.

కొండకు కులం తెలియదు, పేరు ప్రతిష్ఠలూ తెలియవు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మొనగాడు. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఎవరెస్ట్ మీద గాలిలో దొరికే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడో వంతే. కండబలం ఉన్నవాడికైనా అంతే. అందుకే ఎత్తు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతారు. పగలు పైకి ఎక్కి, రాత్రి కిందికి దిగి పడుకుంటారు. తల పగిలిపోతున్నా చెప్పకుండా దాచుకునేవాడితో జట్టు మొత్తానికి ప్రమాదం.

క్వారీ అంచున నిలబడి సెల్ఫీ దిగే తమ్ముళ్లూ, అది పర్వతారోహణ కాదు. తాడు లేదు, హెల్మెట్ లేదు, కింద లోతెంతో తెలియని నీళ్లు. సరదా ఉంటే భువనగిరి పోండి, అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. నచ్చితే డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బేసిక్ కోర్సు దాదాపు నెల రోజులు. అందులో 'ఏ' గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సు. ఎవరెస్ట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది, దాని గురించి ఇప్పుడే బెంగ వద్దు.

ఇంట్లో "ఇది కూడు పెడుతుందా?" అంటారు. మిరప కోతలకు పోయే ఇళ్లలో ఆ మాట అనకుండా ఎలా ఉంటారు? ఆ అమ్మానాన్నలతో మాట్లాడటానికి మేం తండాకు వస్తాం. రేపటి నుంచి పొద్దున్నే వీపున పది కిలోలు వేసుకుని నాలుగైదు కిలోమీటర్లు నడవడం మొదలుపెట్టండి. కోర్సుకు డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. దరఖాస్తు నింపడం ఇబ్బందైతే భోజనాలయ్యాక మా దగ్గరికి రండి, కూర్చుని నింపుదాం. ఆడపిల్లలు ముందు రండి.