సంచి కరిగిందా, కంటికి కనపడకుండా పోయిందా?



పెద్దలారా, సోదర సోదరీమణులారా! మీరు నమ్మి అప్పగించిన ప్రతి రూపాయీ మా చేతుల్లో అమానత్. ఏడాది జమాఖర్చులు ఈ సంచికలోనే ఉన్నాయి. ఆ పద్దుల్లో కనిపించని ఒక పొరపాటును మాత్రం మీ ముందు ఒప్పుకోవాలి.

గత బక్రీద్‌కు ఖుర్బానీ మాంసం పంచడానికి 'మట్టిలో కలిసిపోతుంది' అని రాసి ఉన్న సంచులు కొన్నాం. మామూలు సంచులకన్నా ధర ఎక్కువే. తడి మాంసం బరువుకు కొన్ని దారిలోనే చిరిగాయి. మిగిలిన వాటిని ఆకులు, పేడతో కలిపి గుంతలో పూడ్చాం. నెలల తర్వాత తవ్వితే సంచులు లేవు, వాటి పీలికలు ఉన్నాయి.

ఎందుకిలా జరిగిందని విచారించాం. ఆ సంచులు పాలిథిన్‌లో పిండిపదార్థం కలిపి చేసినవి. మొక్కజొన్న, కర్రపెండలం వంటి వాటి పిండిని ఆరబెట్టి, కరిగిన పాలిథిన్‌లో కలుపుతారు. పిండి నీటిని పీల్చుకుంటుంది, పాలిథిన్ నీటిని దరిచేరనివ్వదు. అందుకే రెండూ సరిగా అతుక్కోవు. పిండి పాలు పెరిగేకొద్దీ సంచికి సాగే గుణం, బరువు మోసే బలం తగ్గుతాయి. మాలెయిక్ ఎన్‌హైడ్రైడ్ తగిలించిన పాలిథిన్‌ను కొంచెం చేరిస్తే అతుకు మెరుగవుతుంది. బలం కొంత తిరిగొస్తుంది గాని, పాలిథిన్ పాలిథిన్‌గానే ఉంటుంది.

మట్టిలోని సూక్ష్మజీవులు తినేది పిండినే. పిండి తక్కువైతే దాని రేణువులు ప్లాస్టిక్ మధ్య విడివిడిగా చిక్కుకుపోతాయి. ఘనపరిమాణంలో సుమారు 30 శాతం దాటితేనే రేణువులు ఒకదానికొకటి తగిలి, సూక్ష్మజీవులకు లోపలికి దారి దొరుకుతుంది. అప్పుడైనా పోయేది పిండే. మిగిలిన పాలిథిన్ చిల్లులుపడి, ముక్కలై, ఏరడానికి కూడా వీలుకాకుండా మట్టిలో ఉండిపోతుంది.

పిండి కలిపినవన్నీ ఇలాంటివే అనుకోకూడదు. పీబ్యాట్ అనే పాలిస్టర్‌తో పిండిని కలిపిన సంచుల్లో రెండూ సూక్ష్మజీవులకు ఆహారమే. ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ప్రకారం, కంపోస్టు పరీక్షలో 180 రోజుల్లోగా కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది. మన గుంతలో అంత వేడి నిలవదు. అయోడిన్ చుక్క వేస్తే సంచి నల్లనీలంగా మారుతుంది కదా అని కొందరు అడిగారు. పిండి ఉందని మాత్రమే అది చెబుతుంది, దానితో కలిసినదేమిటో చెప్పదు.

అందుకే ఈ ఏడాది మూడు పనులు తలపెట్టాం. మాంసం తీసుకునేవారు గిన్నె గాని, టిఫిన్ క్యారియర్ గాని తెచ్చుకోవాలని ముందే చెబుతాం. తెచ్చుకోలేని వారికోసం కొనే సంచులపై 'కంపోస్టబుల్' గుర్తు ఉందో లేదో, తయారీదారుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉందో లేదో చూసి కొంటాం. వాడిన సంచులను గుంతలో పూడ్చకుండా, తిరిగి సేకరించి కంపోస్టు కేంద్రానికి పంపుతాం.

ఈ సంచులకు ఖర్చు కొంత పెరుగుతుంది. దాన్ని ఖుర్బానీ వాటాల నుంచి తీయకుండా విడిగా విరాళంగా అడుగుతున్నాం. గిన్నెలు కొనివ్వగలిగితే మరీ మంచిది. అవి ఏళ్ల తరబడి పనికొస్తాయి.

దారిలో అడ్డు తొలగించడమూ సదఖాయే అని మనం పిల్లలకు నేర్పుతాం. మనం పంచిన సంచి వీధి మేక కడుపులోకో, పక్కవాడి పొలంలోకో చేరకుండా చూడడం కూడా ఆ కోవలోదే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.