పీహెచ్‌డీ పట్టా తరువాతి మజిలీ

1944లో మొదలై నేడు తార్నాకలో ఐఐసీటీగా ఉన్న సంస్థ, 1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్‌ఐ, 1977లో ఆరంభమైన సీసీఎంబీ, ఒకప్పుడు నాచారంలో ఉండి నేడు ఉప్పల్‌కు చేరిన సీడీఎఫ్‌డీ, ఇన్ని పరిశోధన సంస్థలు కూతవేటు దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో పట్టా చేతికొచ్చిన పరిశోధకుడు ఆ తరువాత ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న తొలుత చర్చకు రావడం సబబు.

డాక్టరేట్ ముగిశాక శాశ్వత ఉద్యోగం దొరికేలోగా మరొక శాస్త్రవేత్త ప్రయోగశాలలో గడిపే కొన్నేళ్ల కాలాన్నే పోస్ట్ డాక్టరల్ దశ అంటారు. అందులోకి రెండు దారులున్నాయి. మొదటిది ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్ పోస్టు. సాధారణంగా ప్రకటనలో చెప్పిన తేదీన ధ్రువపత్రాలతో నేరుగా హాజరయ్యే వాక్-ఇన్ ఇంటర్వ్యూలో ఎంపిక జరుగుతుంది, ప్రాజెక్టు ముగిసిననాడే పోస్టూ ముగుస్తుంది. 2023 జనవరి నుంచి అమలైన కేంద్ర ఉత్తర్వుల ప్రకారం దీనికి శ్రేణిని బట్టి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనంగా లభిస్తాయి. రెండవది అభ్యర్థి తన ప్రతిపాదనతో, తన పేరిట సంపాదించుకునే ఫెలోషిప్. సీఎస్‌ఐఆర్ అసోసియేట్‌షిప్, నేషనల్ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ఈ కోవలోవి. మొదటి దారిలో పరిశోధన ప్రశ్న ప్రాజెక్టుది, రెండవ దారిలో అభ్యర్థిది. రేపు అధ్యాపక పదవికి ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఎంపిక సంఘం ఆరా తీసేది ఆ సొంత ప్రశ్న గురించే కనుక, వీలున్నంతవరకు రెండవ దారినే ఎంచుకోవడం మేలు.

జన్యుశాస్త్రవేత్త లాల్జీ సింగ్ జీవితం దీనికి సమీప నిదర్శనం. 1974లో కామన్వెల్త్ ఫెలోషిప్‌పై ఎడిన్‌బరో వెళ్లిన ఆయన, పాముల్లో లింగ నిర్ధారణ క్రోమోజోముల అధ్యయనాన్ని విడవకుండా కొనసాగించి, 1987లో సీసీఎంబీకి వచ్చాక కట్లపాము జాతి డీఎన్‌ఏ నుంచి లభించిన ప్రోబ్‌నే, అంటే నిర్దిష్ట డీఎన్‌ఏ వరుసను గుర్తించే సాధనాన్నే, మనుషుల డీఎన్‌ఏ వేలిముద్రలకు ఉపయోగించారు. విశ్వవిద్యాలయమే ఏకైక గమ్యమూ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో శాశ్వత స్థానం దక్కక 1940లో లెడర్లీ ఔషధ సంస్థ ప్రయోగశాలల్లో చేరి, ఔషధ పరిశోధనలో తన అత్యుత్తమ కృషిని అక్కడే చేశారు.

పోస్ట్ డాక్టరల్ స్థానం అన్వేషణలో అభ్యర్థులు ఎక్కువగా తడబడేది శాస్త్రవేత్తకు రాసే తొలి ఉత్తరం దగ్గర. ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి యాభై మందికి పంపితే దాన్ని ఎవరూ చదవరు. ఆ శాస్త్రవేత్త ఇటీవలి పత్రాల్లో ఒకదానిని ప్రస్తావించి, అందులో తేలకుండా మిగిలిన అంశమేమిటో, దానిని ఛేదించడానికి తనకు చేతనైన పద్ధతి ఏదో, థీసిస్ ఎప్పుడు సమర్పిస్తారో, ఏ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయదలచారో ఒక్క పేజీలో చెప్పే ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఎంతో ఎక్కువ.

తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల వారికి ఈ దారి మరీ ఇరుకు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఫెలోషిప్ వంటివి కొద్ది మాత్రమే. అంతకన్నా బాధాకరమైనది సమాచార లోపం. ఇక్కడి హబ్సిగూడ క్యాంటీన్లలో మాటల మధ్య తెలిసిపోయే గడువు తేదీ, జిల్లా విశ్వవిద్యాలయ విద్యార్థి చెవిన పడేసరికి దాటిపోయి ఉంటుంది. అందువల్ల ఈ ప్రాంత సంస్థలు, విశ్వవిద్యాలయ శాఖలు కలిసి ఏటా ఫెలోషిప్‌ల గడువులు, అర్హతలు, వయోపరిమితులను తెలుగులో సిద్ధం చేసి, థీసిస్ సమర్పణకు ఏడాది ముందే ప్రతి పరిశోధక విద్యార్థికీ అందించే ఏర్పాటును ఈ సదస్సు తీర్మానంగా ఆమోదించవలసిందిగా అధ్యక్షస్థానం నుంచి విన్నపం.